వేసవి సెలవుల్లో పిల్లల చేత చదివించడం ఎలా? (1 నుంచి 5వ తరగతి వరకు)

ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే తల్లిదండ్రులు అడిగే మాట దాదాపు ఒకటే: "టీచర్, ఈ సెలవుల్లో ఏం చదివించమంటారు?" వచ్చే తరగతి పుస్తకాలు ముందే కొనమంటారా అని కొందరు, ట్యూషన్‌లో వేయమంటారా అని కొందరు అడుగుతారు. చూచిరాత రోజుకు ఎన్ని పేజీలు రాయించాలని అడిగేవాళ్లూ ఉన్నారు. ఇవేవీ అవసరం లేదు. పిల్లలు తమకు నచ్చిన కథల పుస్తకం పట్టుకుని రోజూ కాసేపు కూర్చుంటే చాలు. ఆ కాసేపు కూర్చునేలా చేయడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను.

మన రెండు రాష్ట్రాల్లో ఇటీవలి సంవత్సరాల్లో ఏప్రిల్ 23 ఆఖరి పనిదినంగా, జూన్ 12 బడులు తెరిచే రోజుగా ఉంటున్నాయి. ఎండల్ని బట్టి తేదీ జరగొచ్చు కాబట్టి మీ బడిలో ఒకసారి కనుక్కోండి. ఈ లెక్కన మధ్యలో 49 రోజులు, అంటే సరిగ్గా ఏడు వారాలు. రెండో తరగతిలో కష్టపడి ఒత్తులు పట్టుకున్న పిల్లలు ఏడు వారాలు అచ్చు అక్షరం చూడకపోతే జూన్‌లో మళ్లీ కూడబలుక్కుంటారు. రోజూ కొద్దిగా చదివిన పిల్లలకు ఆ ఇబ్బంది ఉండదు.

ముందుగా ఏమేం కావాలి

- ఈ ఏడాది తెలుగు పాఠ్యపుస్తకం. పాత పేపర్లతో పాటు అమ్మేయకండి.
- పిల్లల స్థాయికి తగిన కథల పుస్తకాలు ఐదారు. ఎక్కడ దొరుకుతాయో కింద చెప్తాను.
- ఒక నోటుపుస్తకం, పెన్సిల్, రంగులు.
- గొంతు రికార్డు చేసే ఫోను.
- రోజూ పక్కన కూర్చునే ఒక పెద్ద మనిషి. చదువు వచ్చి ఉండాలని లేదు.

1. ఆఖరి పనిదినాన బడి నుంచి ఇవి తెచ్చుకోండి

ఆ రోజు ప్రోగ్రెస్ కార్డు ఇస్తారు. మార్కులు, గ్రేడు చూసి జేబులో పెట్టుకుని వచ్చేయకండి. సమ్మేటివ్ పరీక్షలో 'ఎ' గ్రేడు వచ్చినా కొత్త పేజీ ఇస్తే చదవలేని పిల్లలుంటారు. టీచర్ దగ్గర ఆగి సూటిగా అడగండి: "మా పాప అక్షరాల దగ్గర ఉందా, పదాల దగ్గర ఉందా, చిన్న పేరా చదువుతోందా, కథ మొత్తం చదవగలదా?" ప్రైమరీ టీచర్లు పిల్లల్ని ఈ స్థాయిల్లోనే చూస్తారు. కాబట్టి జవాబు వెంటనే చెప్పగలరు. ఏ అక్షరాల దగ్గర తడబడుతోందో కూడా అడిగి రాసుకోండి.

రెండో సంగతి, బడి లైబ్రరీ పుస్తకాలు. సెలవుల్లో అవి బీరువాలోనే ఉండిపోతాయి. పుస్తకాలు పోతే లెక్క చెప్పాల్సి వస్తుందని హెడ్మాస్టర్లు ఇంటికివ్వడానికి వెనకాడతారు, వాళ్ల భయం వాళ్లది. "నాలుగు పుస్తకాలు ఇవ్వండి సార్, రిజిస్టర్‌లో సంతకం పెడతాను, బడి తెరిచిన రోజు తెచ్చిస్తాను" అని మీరే వెళ్లి అడిగితే చాలామంది ఇస్తారు. ముగ్గురు నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే ఇంకా తేలిక.

ఐదో తరగతి పూర్తయి మరో బడికి వెళ్తుంటే రికార్డ్ షీట్ (బడి మారేటప్పుడు ఇచ్చే పత్రం) తీసుకోవాలి. అందులో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా అని అక్కడే నిలబడి చూసుకోండి. పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబర్ (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత సంఖ్య) కూడా ఒక కాగితం మీద రాయించుకోండి. జూన్‌లో చేరేచోట అడుగుతారు.

2. స్థాయి చూసుకోండి

పిల్లలు చదవని కొత్త కథ ఒకటి తీసుకోండి. పాఠ్యపుస్తకం ఈ పరీక్షకు పనికిరాదు, ఎందుకంటే ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పాఠాలు కంఠతా వచ్చేసి ఉంటాయి. బొమ్మ చూసి గడగడా అప్పజెప్తారు, మనం చదువుతున్నారనుకుంటాం. అనుమానం వస్తే పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి?" అని అడగండి. మొదటి నుంచి అందుకుంటే తప్ప చెప్పలేకపోతే అది కంఠస్థమే.

కొత్త కథలో నలభై, యాభై మాటలున్న ఒక పేజీ చదవమనండి. ఆగిపోయిన ప్రతి మాటకూ మీరు ఒక వేలు మడవండి.

- ఒక్క వేలు కూడా మడవకపోయినా, ఒక్కటే మడిచినా: తేలిక పుస్తకం. సెలవుల మొదట్లో ఇలాంటివే మంచివి.
- రెండు మూడు వేళ్లు: సరిగ్గా సరిపోయే పుస్తకం.
- నాలుగు, ఐదు వేళ్లు మడిస్తే: ఇప్పుడు తన చేత చదివించొద్దు. మీరు చదివి వినిపించండి.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో రెండో తరగతి ముగిసేసరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 మాటలు చదవాలని లక్ష్యం పెట్టారు. ఈ అంకె పట్టుకుని ఇంట్లో స్టాప్‌వాచ్ పెట్టకండి. తెలుగులో మాటలు ఒకదానికొకటి అతుక్కుని పొడవైపోతాయి. "వెళ్లిపోతున్నారనుకున్నాడు" అనేది లెక్కకు ఒక్క మాటే. అర్థమవుతూ, వాక్యం తెగకుండా చదువుతున్నారంటే వేగం గురించి టెన్షన్ అక్కర్లేదు.

3. పుస్తకాలు పోగు చేయండి

*ప్రభుత్వ గ్రంథాలయం.* మీ మండలంలోనో పట్టణంలోనో శాఖా గ్రంథాలయం ఉంటుంది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం, వాడుకునేవాళ్లు తక్కువ. కొద్దిపాటి డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే పుస్తకాలు ఇంటికిస్తారు. ఎక్కువ చోట్ల ఉదయం, సాయంత్రం తెరిచి మధ్యాహ్నం మూసేస్తారు. శుక్రవారం సెలవు ఉండే చోట్లు ఎక్కువ. వెళ్లే ముందు వేళలు కనుక్కోండి. పిల్లల్ని తప్పకుండా వెంట తీసుకెళ్లి పుస్తకం వాళ్లనే తీసుకోనివ్వండి. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల్లో సెలవుల్లో పిల్లల కోసం వేసవి శిబిరాలు కూడా పెడుతుంటారు, అడిగి చూడండి.

*స్టోరీవీవర్.* ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన ఉచిత వెబ్‌సైట్. భాష తెలుగు అని ఎంచుకుంటే బొమ్మల కథలు బోలెడు వస్తాయి. నాలుగు స్థాయిలున్నాయి: మొదటి స్థాయి కథలో 250 మాటల లోపు, రెండో స్థాయిలో 600 వరకు, మూడో స్థాయిలో 1500 వరకు, నాలుగో స్థాయిలో అంతకన్నా ఎక్కువ. తరగతి చూసి కాకుండా పైన మడిచిన వేళ్లు చూసి స్థాయి ఎంచుకోండి. డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవడానికి అనుమతి ఉంది. జిరాక్స్ షాపులో బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీయించి మధ్యలో మడిచి పిన్ను కొడితే పుస్తకం తయారు. బొమ్మలకు రంగులు వేసుకునే పని పిల్లలకు మిగులుతుంది, అదొక సంబరం.

*కొనదలిస్తే.* సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ (నెహ్రూ బాల పుస్తకాలయం వరుస), ప్రథమ్ బుక్స్, తూలిక ప్రచురణలు చూడండి. పిల్లల పుస్తకాలు తెలుగులో చక్కటి బొమ్మలతో, ఎక్కువ భాగం అందుబాటు ధరలోనే దొరుకుతాయి. అన్నీ ఒకేసారి కొని ముందు పెట్టకండి. రెండు తెచ్చి, అవి అయ్యాక ఇంకో రెండు తేవడం మేలు.

*ఖర్చు లేకుండా.* దినపత్రికలో పిల్లల పేజీ, ఇంట్లో పాత చందమామలు, పక్కింటి పిల్లలతో పుస్తకాల మార్పిడి. ఒకే వీధిలో ఐదు ఇళ్లవాళ్లు తలా రెండు పుస్తకాలు తెస్తే అందరికీ పది పుస్తకాలు.

4. వేళ, చోటు ఖాయం చేయండి

ఎండలో బయటికి పంపలేని మధ్యాహ్నం వేళే దీనికి మంచిది. భోజనాలయ్యాక, ఫ్యాను కింద, చాప మీద. ఉదయం ఆటలకు వదిలేయండి. ఆడుకునే వేళ లాక్కుని పుస్తకం చేతికిస్తే ఆ పుస్తకం మీదే కోపం పెరుగుతుంది.

ఒకటి, రెండు తరగతులకు పది పదిహేను నిమిషాలు చాలు. మూడు నుంచి ఐదుకు ఇరవై, ముప్ఫై. ఆ కాసేపు టీవీ కట్టేయాలి, మీ ఫోను కూడా పక్కన పెట్టాలి. మీరు రీల్స్ చూస్తూ పిల్లల్ని చదవమంటే వినరు.

అమ్మమ్మగారి ఊరు వెళ్లినా, పెళ్లికి వెళ్లినా సంచిలో రెండు పుస్తకాలు పెట్టండి. అక్కడ చదవడం కుదరని రోజున తాతయ్యను ఒక కథ చెప్పమనండి, నాయనమ్మను పొడుపు కథలు అడగమనండి. అది కూడా ఆ రోజు లెక్కలోకి వస్తుంది. కథ వినే అలవాటున్న పిల్లలకు చదివేటప్పుడు తర్వాత ఏం జరగబోతోందో ఊహ అందుతుంది.

5. పక్కన కూర్చుని ఇలా చదివించండి

ముందు అట్ట మీది బొమ్మ చూసి ఇది దేని గురించి అయ్యుంటుందో అనుకోనివ్వండి. తర్వాత మొదటి పేజీ మీరు చదవండి, వాక్యం వెంట వేలు నడిపిస్తూ. రెండో పేజీ ఇద్దరూ కలిసి. మూడో పేజీ తను. రెండు మూడు రోజుల్లో "నేనే చదువుతా" అంటారు, అప్పుడు మీరు తప్పుకోండి.

మాట దగ్గర ఆగిపోతే వెంటనే అందించకండి. మనసులో ఐదు వరకు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే మాటను విడగొట్టి చూపించండి. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే:

- *ఒత్తులు.* "అమ్మ", "అక్క" లాంటి ద్విత్వాలు త్వరగా పట్టుకుంటారు. "పుస్తకం", "రాత్రి", "వాక్యం" దగ్గర ఆగుతారు, ఎందుకంటే త, ర, య ఒత్తులు అసలు అక్షరంలా కనిపించవు. ఒత్తును వేలితో మూసి "పుసకం" అనిపించి, వేలు తీసి "ఇప్పుడు?" అనండి.
- *దగ్గర పోలికలు.* ప, వ, ష ఒకదానిలా ఒకటి ఉంటాయి; అలాగే మ, య; ద, ధ; ఎ, ఏ. తికమకపడే అక్షరాలున్న మాటలు అదే పేజీలో వెతికే ఆట పెట్టండి.
- *ఒ, ఓ గుణింతాలు.* "కొడి", "కోడి" తేడా గొంతులో పలికించాలి. చెవికి తెలిస్తే కంటికీ తెలుస్తుంది.

ప్రతి తప్పూ దిద్దకండి. అర్థం మారితేనే ఆపండి. పుస్తకంలో "వెళ్లాడు" అని ఉంటే మీ అబ్బాయి "పోయిండు" అని చదివాడనుకోండి, వాడు అర్థం చేసుకుని తన మాటలో చెప్పాడు. అది తప్పు కాదు, మెచ్చుకోవాల్సిన సంగతి. వాక్యం అయ్యాక "పుస్తకంలో ఎలా రాశారో చూద్దామా?" అంటే సరిపోతుంది. "కోడి" బదులు "కోతి" అని చదివి ముందుకు పోతుంటే మాత్రం ఆగి "కోతి గుడ్డు పెట్టిందా?" అని అడగండి. నవ్వుకుని తనే వెనక్కి వెళ్లి దిద్దుకుంటాడు.

మీకు చదువు రాకపోతే

"మాకే రాదు, వాడికేం చెప్తాం" అని వెనక్కి తగ్గే తల్లిదండ్రులు చాలామంది. మీరు చెప్పాల్సింది ఏమీ లేదు, వినడమే మీ పని. పక్కన కూర్చుని "తర్వాత ఏమైంది?", "ఎందుకలా చేసింది?", "ఆ బొమ్మలో ఎవరు?" అని అడగండి. అమ్మకు కథ చెప్పాలంటే తను ముందు అర్థం చేసుకోవాలి కదా. తప్పు చదివినా పర్వాలేదు, కథ మీకు అర్థం కాకపోతే "అర్థం కాలేదు, మళ్లీ చదువు" అనండి, మళ్లీ చదివితే సగం తప్పులు వాటంతటవే పోతాయి. వీధిలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలుంటే వారానికి రెండు రోజులు వాళ్లను కూర్చోమనండి.

6. నోటుపుస్తకంలో రెండే రెండు పంక్తులు

చదివిన రోజు తేదీ, పుస్తకం పేరు, నచ్చిన ఒక్క వాక్యం. ఒకటో తరగతి పిల్లలైతే వాక్యం బదులు బొమ్మ. అంతకు మించి రాయించొద్దు. కథ మొత్తం సొంత మాటల్లో రాయమంటే మర్నాడు పుస్తకమే ముట్టుకోరు.

7. ఇంగ్లిష్ సంగతి

ప్రైవేటు ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లల్లో చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవమంటే మాత్రం ఇబ్బంది పడతారు. వాళ్లకు ఈ సెలవులు మంచి అవకాశం. నాలుగో తరగతి అని నాలుగో తరగతి పుస్తకం ఇవ్వకుండా మొదటి స్థాయి బొమ్మల కథలతో మొదలుపెట్టండి. "ఇది చిన్నపిల్లల పుస్తకం" అని నామోషీ పడితే తమ్ముడికో చెల్లికో చదివి వినిపించే పని అప్పగించండి. అప్పుడది చిన్నపిల్లల పుస్తకంలా అనిపించదు.

ప్రభుత్వ బడి పిల్లల దగ్గర ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఉంటాయి, ఒక పక్క ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే తెలుగులో. ముందు తెలుగు పేజీ చదివించి, ఆ తర్వాత ఇంగ్లిష్ పేజీ చదివించండి. విషయం తెలిసి ఉంటుంది కాబట్టి కొత్త ఇంగ్లిష్ మాటలు అంత భయపెట్టవు. వారానికి రెండు రోజులు ఇలా చేస్తే చాలు.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు సెలవులు మే చివరలోనో జూన్‌లోనో మొదలవుతాయి. అక్కడి లైబ్రరీల వేసవి పఠన కార్యక్రమంలో పిల్లల్ని ఎలాగూ చేరుస్తారు. అదే చార్టులో రోజుకో తెలుగు పేజీ కూడా కలపండి. అక్కడ తెలుగు నేర్పే మనబడి లాంటి తరగతులకు వెళ్లే పిల్లలకు వేసవి విరామంలో అక్షరాలు మరుపు రాకుండా ఉంటాయి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*వచ్చే తరగతి పుస్తకం ముందే చదివించడం.* జూన్‌లో టీచర్ పాఠం మొదలుపెట్టగానే "నాకొచ్చు" అని పక్క చూపులు చూస్తారు. కొత్తదనం పోతుంది, వచ్చిందేమో అరకొర.

*కథ అవ్వగానే "నీతి ఏంటి?" అనడం.* ఈ ఒక్క ప్రశ్న మానేస్తే ఎంతో మేలు. "నీకు ఎవరు నచ్చారు?", "నువ్వైతే ఏం చేసేవాడివి?" అని అడిగి చూడండి, ఎంతసేపు మాట్లాడతారో.

*డబ్బు ఆశ, ఫోను ఆశ పెట్టడం.* "పది పేజీలు చదివితే గంట ఫోను" అంటే ఫోను బహుమతి, చదువు దానికి కట్టాల్సిన జరిమానా అయిపోతుంది. బహుమతి ఇవ్వాలనుకుంటే ఇంకో పుస్తకం ఇవ్వండి, లేదా పడుకునే ముందు మీరు ఒక కథ చదివి వినిపించండి.

*పోలిక.* "పక్కింటి పాప చూడు" అన్న రోజు నుంచి పిల్లలు చాటుగా పుస్తకం మూసేస్తారు.

*చదివిన పుస్తకమే మళ్లీ చదువుతుంటే వద్దనడం.* చదవనివ్వండి. అదే కథ మళ్లీ మళ్లీ చదివితే ఆగకుండా చదవడం అలవాటవుతుంది.

*ఫోన్‌లోనే చదివించడం.* ప్రింట్ తీసే వీలు లేకపోతే ఫైలు డౌన్‌లోడ్ చేసి, ఇంటర్నెట్ ఆపి, మీరు పట్టుకుని చూపించండి. ఫోను చేతికిచ్చి వెళ్లిపోతే ఐదు నిమిషాల్లో వీడియోల్లోకి వెళ్తారు.

ఫలితం ఎలా చూసుకోవాలి

సెలవులు మొదలైన వారంలో ఒక కొత్త పేజీ చదివించి ఫోన్‌లో రికార్డు చేసి దాచండి. మే మధ్యలో ఇంకొకటి, జూన్ మొదటి వారంలో మరొకటి. ప్రతిసారీ అదే స్థాయిలో వేరే పేజీ తీసుకోండి. మూడూ పిల్లలకే వినిపించండి. తేడా మీరు చెప్పక్కర్లేదు, "అప్పుడు నేను ఇంత మెల్లగా చదివానా!" అని వాళ్లే అంటారు.

ఇవి గమనించండి: పుస్తకం మూసేసి కథను తన మాటల్లో వరుసగా చెప్పగలుగుతున్నారా? కొత్త పేజీలో మడిచే వేళ్లు తగ్గాయా? చుక్క దగ్గర ఆగి, ప్రశ్న దగ్గర గొంతు పెంచుతున్నారా? ఎవరూ చెప్పకుండా పుస్తకం తీశారా? ఈ ఆఖరిది నెలకు రెండుసార్లు కనిపించినా ఈ వేసవి ఫలించినట్టే.

నాలుగు వారాలైనా మార్పు లేకపోతే ముందు పుస్తకం స్థాయి ఒక మెట్టు దించండి. పుస్తకం ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుంటున్నా, తలనొప్పి అంటున్నా, కళ్లు చికిలించి చూస్తున్నా కంటి డాక్టరుకు చూపించండి. ఇది చాలామంది ఆలస్యంగా గుర్తిస్తారు. మూడో తరగతి దాటినా అక్షరాలే తారుమారవుతుంటే బద్ధకం అని తిట్టకండి. ఒకటో తరగతి వాచకం తీసి రోజుకు నాలుగు అక్షరాలు, వాటితో నాలుగు మాటలు చేయించండి. బడి తెరవగానే టీచర్‌తో ఈ సంగతి విడిగా మాట్లాడండి. అభ్యసన వైకల్యం (లెర్నింగ్ డిజెబిలిటీ) ఉందేమో నిపుణులకు చూపించాల్సిన అవసరం కొందరికి ఉంటుంది, అందులో తప్పేమీ లేదు.

జూన్ మొదటి వారంలో

బడి పుస్తకాలు, గ్రంథాలయం పుస్తకాలు లెక్క చూసి, చిరిగిన పేజీలుంటే అతికించండి. గ్రంథాలయం గడువు దాటితే రోజుకింత జరిమానా పడుతుంది కాబట్టి ముందు అవి ఇచ్చేయండి. బడి పుస్తకాలు జూన్ 12న హెడ్మాస్టర్‌కు అప్పగించి రిజిస్టర్‌లో కొట్టివేయించుకోండి. అప్పుడే వచ్చే ఏడాది అడిగినా, మీ పక్కింటివాళ్లు అడిగినా ఇస్తారు. చదివిన పుస్తకాల పేర్లు రాసిన నోటుపుస్తకాన్ని కొత్త తరగతి టీచర్‌కు మీ పాప చేతే చూపించమనండి. ఏ స్థాయి నుంచి మొదలుపెట్టాలో ఆ టీచర్‌కు దాన్ని చూస్తే తెలుస్తుంది.